మా ఆవిడ ఆయాసం

మా అపార్ట్‌మెంటు లిఫ్టు పనిచెయ్యక ఇవాళ్టికి పదకొండో రోజు. లిఫ్టు తలుపు మీద ‘అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని కాగితం అంటించారు. అంటించింది అసోసియేషన్ ప్రెసిడెంటు గేదెల అప్పలనరసయ్య గారు. ఆయన ఉండేది మొదటి అంతస్తు. చింతించడానికి ఆయనకి బోలెడు ఓపిక మిగులుతుంది. మేం ఉండేది ఐదో అంతస్తు.

మెట్లెక్కే మధ్యతరగతి మగవాడికి ఓ పద్ధతుంది. ఆయాసం వచ్చిందని చచ్చినా ఒప్పుకోడు. మూడో అంతస్తు మలుపులో ఆగి, జేబులోంచి ఫోన్ తీసి, కొంప మునిగే మెసేజేదో వచ్చినట్టు కనుబొమలు ముడిచి చూస్తాడు. ఎవరైనా దిగుతూ ఎదురైతే "ఆఫీసు నుంచండీ, ఆదివారం కూడా వదలరు" అంటాడు. ఆ మలుపులో నేను పదకొండు రోజులుగా చదువుతున్న మెసేజ్ ఒకటే. గ్యాసు బుకింగ్ నంబరు మారిందట.

ఈ అన్యాయం గురించి పత్రికకి రాద్దామని సాయంత్రం నాలుగింటికి కూర్చున్నాను. మా ఆవిడ హైమావతి కూరగాయలకని ఇప్పుడే దిగి వెళ్ళింది. రాయడానికి చేతికందిన పుస్తకం ఒక్కటే, నేను నిమిషానికో అంకె వెయ్యాల్సిన నోటుబుక్కు. మార్జిన్లో అంకెలు వేస్తున్నాను, మిగతా చోట ఈ గోడు రాస్తున్నాను. అంకెలంటే ఆయాసం లెక్క. సున్నా అంటే కుర్చీలో కూర్చుని పేపరు చదవడం. పది అంటే ఇక నావల్ల కాదు దేవుడా అనడం. ఇప్పుడు ఒకటి.

ఆ ఒకటి నాది కాదు. హైమది. ఆవిడ మెట్లు దిగుతుంటే ఇక్కడ కుర్చీలో నాకు ఊపిరి బరువెక్కుతోంది. ఎందుకో చెప్తాను.

మా మావగారు జూట్ మిల్లులో ముప్పయ్యేళ్ళు నార దుమ్ము పీల్చారు. ఆఖరి రెండేళ్ళూ పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోయారు. అక్కాచెల్లెళ్ళిద్దరూ చెరోపక్కా కూర్చుని చూడడం తప్ప ఏమీ చెయ్యలేకపోయారు. ఆ చెల్లెలే డాక్టర్ చారుశీల, నా మరదలు. విశాఖలో ఓ పరిశోధన సంస్థలో వ్యాయామం, శ్వాసల మీద పనిచేస్తుంది. పదేళ్ళు కష్టపడి రెండు బిళ్ళలు తయారుచేసింది. షర్టు బొత్తం అంతుంటాయి. ఒకటి ఇచ్చేవాళ్ళ మెడ వెనక అంటిస్తారు, రెండోది పుచ్చుకునేవాళ్ళ మెడ వెనక. ఇచ్చేవాళ్ళ ఆయాసం పుచ్చుకునేవాళ్ళకి పోతుంది.

"నాన్నగారి ఆయాసం ఓ గంట నేను పుచ్చుకుని ఉంటే, ఆ గంట ఆయన నడుం వాల్చేవారు బావగారూ" అంది చారుశీల. "రోగుల దాకా వెళ్ళే ముందు ఆరోగ్యంగా ఉన్న ఓ జంట మీద చూడాలి. మీరిద్దరూ వస్తారా?"

నన్ను ఆరోగ్యంగా ఉన్నవాడని ఓ డాక్టరు అనడం అదే మొదటిసారి. వెంటనే ఒప్పుకున్నాను.

ముందు పరీక్షలు చేశారు. ముక్కుకి క్లిప్పు పెట్టి ఓ గొట్టంలోకి ఊదమన్నారు. "ఊదండి బావగారూ, ఊదండి ఊదండి ఊదండి, ఇంకా ఉంది, ఇంకా ఉంది!" పెళ్ళిలో సన్నాయివాడిక్కూడా అంత ప్రోత్సాహం దొరకదు. నాది ఐదు పాయింటు ఒకటి లీటర్లు. హైమది రెండు పాయింటు ఆరు.

"నాలో సగం" అన్నాను, ఆవిడకి వినపడేలా.

తరవాత మాస్కు తగిలించి ట్రెడ్‌మిల్ ఎక్కించారు. ఆరో నిమిషంలో షూ బిగుతుగా ఉందని చెప్పి దిగిపోయాను. హైమ పద్నాలుగు నిమిషాలు నడిచి, దిగి, "అంతేనా చారూ?" అంది.

మిషను ఎక్కడో పొరబడిందన్నాను. చారుశీల నవ్వలేదు. అది నవ్వకపోతేనే నాకు భయం.

"మీ అపార్ట్‌మెంటు పైన ట్యాంకు ఎంతదండీ?"

"ఇరవై వేల లీటర్లు."

"మీ బాత్రూంలో నీళ్ళెలా వస్తాయి?"

"దారంలా."

"అదే మరి. ఊపిరితిత్తులు ట్యాంకు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి అదెప్పుడూ మిగులే, చివరిదాకా ఎవరూ వాడరు. గుండె మోటారు. కాళ్ళు కుళాయి. మీ మోటారు చిన్నది, కుళాయికి తుప్పు. అక్క ఇరవయ్యేళ్ళుగా ఇంటి చాకిరీతో రెండూ బాగా తిప్పింది. ట్యాంకు చూపించి గొప్పలు చెప్పకండి."

ఇంటికొచ్చాక రిపోర్టులో మొదటి పేజీ ఫొటో తీసి అపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టాను. ట్రెడ్‌మిల్ సంగతి రెండో పేజీలో ఉంది, అది పెట్టలేదు. అప్పలనరసయ్య గారు నాలుగు దణ్ణాలు పెట్టారు. వారం తిరక్కుండా ముగ్గురు వెళ్ళి ఊదించుకొచ్చారు. పిల్లల ర్యాంకులు అయిపోయాక మా అపార్ట్‌మెంటులో లీటర్లు మొదలయ్యాయి. ఐదు దాటింది మాత్రం నేనొక్కణ్ణే.

మార్జిన్లో సున్నా. ఆటోలో ఉన్నట్టుంది. కూరగాయలకి ఆటో ఎందుకో.

ఇచ్చేదెవరు, పుచ్చుకునేదెవరు అన్న సమస్య రాలేదు. హైమకి ఓ మొక్కుంది. కిందటేడు నాకు డెంగ్యూ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోతే, నేను లేచి తిరిగితే సింహాచలం కొండకి మెట్లపూజ చేస్తానని మొక్కుకుంది. అంటే ప్రతి మెట్టుకీ వంగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, లేచి, మళ్ళీ వంగి, వెయ్యి మెట్లు. ఘాట్ రోడ్డు మీద కార్లో వెళ్ళి దణ్ణం పెట్టుకుంటే సరిపోదా అన్నాను.

"ప్లేట్‌లెట్లు కార్లో పెరిగాయేటండీ?" అంది.

సరే, ఆ మెట్లమీదే ప్రయోగం అనుకున్నారు. హైమ ఎక్కుతుంది, నేను ఇంట్లో కూర్చుని ఆయాసపడతాను. రెండు నిమిషాలకోసారి చారుశీల ఫోన్లో అడుగుతుంది, నేను అంకె చెప్పాలి. ఏడు రాగానే హైమకి ఫోన్ చేసి ఆపేస్తుంది.

"వాచీ పెట్టుకుంటే గుండె లెక్క అదే చెప్తుంది కదా?" అన్నాను, తెలివిగా.

"ఎంత కొట్టుకుంటోందో చెప్తుంది. అది అక్కకి ఎక్కువో కాదో దానికి తెలీదు. చెప్పాల్సింది ఆయాసమే, ఇక ఆగమని ఒళ్ళు కొట్టే గంట అది. ఆ గంట ఇక మీ దగ్గరే మోగుతుంది."

"ఐదు లీటర్లవాణ్ణి, మొయ్యలేనా?"

"మొయ్యడానికి లీటర్లతో పనిలేదు బావగారూ. నిజం చెప్పడంతోనే పని."

ఆ మాట నోటుబుక్కు అట్ట మీద రాసుకుని ఉండాల్సింది.

ఆ ఆదివారం మా హాల్లో సోఫాకి ప్లాస్టిక్ కవరు తీశాం. మా పెళ్ళిరోజుక్కూడా తియ్యలేదది. అప్పలనరసయ్య గారు భార్యతో సహా వచ్చారు. నాలుగు పాయింటు రెండు లీటర్ల లెక్చరర్ గారు వచ్చారు. కాఫీలయ్యాయి. క్రికెట్ చూడ్డానికి కూర్చున్నట్టు నాకెదురుగా కూర్చున్నారు. తొమ్మిదింటికి కొండ కింద, మెట్లు మొదలయ్యే తొలి పావంచా దగ్గర హైమ కొబ్బరికాయ కొట్టింది. చారుశీల పైన చివరి మెట్టు దగ్గర, ఓ నర్సుతో, నీళ్ళతో సిద్ధంగా ఉంది. ఫోన్ స్పీకర్లో పెట్టాను.

"బావగారూ, ఎంత?"

"రెండు" అన్నాను. నిజానికి నాలుగు. సోఫాలో కూర్చున్నవాడికి నాలుగంటే ఏం బావుంటుంది?

అరగంటకి గుండెల మీద ఎవరో పెద్ద బియ్యం బస్తా దింపినట్టయింది. ఊపిరి తీస్తే సగంలో ఆగిపోతోంది. ఫోన్ తీసి కనుబొమలు ముడిచి చూశాను. ఆ మెసేజ్ మొదట వచ్చింది అప్పుడే. గ్యాసు బుకింగ్ నంబరు మారిందట.

"ఏటండీ, అలాగ సెమటలు పోత్తన్నాయి?" అన్నారు అప్పలనరసయ్య గారు.

"ఫ్యాను స్లోగా ఉందండి."

"అదేలెండి. అయిదు లీటర్ల మనిసికి మెట్లో లెక్కా!"

"బావగారూ, ఎంత?"

ఏడు. నాకు తెలుసు అది ఏడని. లెక్చరర్ గారు నావైపే చూస్తున్నారు.

"మూడు" అన్నాను.

"బాగుందండీ! అక్క ఫోన్లో చెప్పింది, భలే ఎక్కుతోందట. ముందు పూజ చేసుకుంటూ వెళ్తున్న కాలేజీ పిల్లల్ని దాటీసిందట. నడుం కూడా పట్టుకోటం లేదట." చారుశీల గొంతులో పదేళ్ళ కష్టం తాలూకు సంతోషం ఉంది. దాన్ని పాడుచెయ్యడం ఎందుకని కూడా అనుకున్నాను. అబద్ధానికి ఎప్పుడూ ఓ మంచి కారణం దొరుకుతుంది.

అంకె తొమ్మిదికి వచ్చేసరికి గదిలో గాలి లేదు. చెవుల్లో హోరు. సోఫా చెయ్యి పట్టుకున్నాను. "నాలుగు... కొంచెం" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. అప్పలనరసయ్య గారి భార్య మాత్రం "ఏటో, మొకం నల్లబడిపోనాది" అంది. ఎవరూ పట్టించుకోలేదు.

అప్పుడు ఆగిపోయింది.

ఉన్నట్టుండి. స్విచ్చి ఆపినట్టు. ఊపిరి హాయిగా, చల్లగా లోపలికి వెళ్ళింది. అంత సుఖం నా జన్మలో ఎరగను.

"సూడండి సూడండి, తేరుకున్నారు! అదీ లంగ్సంటే!" అన్నారు అప్పలనరసయ్య గారు. లెక్చరర్ గారు చప్పట్లు కొట్టారు.

"బావగారూ, ఎంత?"

"సున్నా."

ఫోన్లో వెనకాల ఎక్కడో గంట మోగుతోంది.

"సున్నా ఎలా అవుతుంది బావగారూ? అక్క ఇంకా ఎక్కుతోంది కదా?"

హైమ ఆరువందల అరవయ్యో మెట్టు మీద, పసుపు గిన్నె మీదికే పడిపోయింది. వెనక వచ్చేవాళ్ళు నీడలోకి లాగి, మొహాన నీళ్ళు కొట్టి, కొంగుతో విసిరారట. ఎండ, వంగడం, లేవడం, ఎక్కడా ఆగకపోవడం. ఊపిరితిత్తులకి ఏమీ కాలేదు. గుండెకీ ఏమీ కాలేదు, అదృష్టం. "మామూలుగా అయితే మూడువందల మెట్ల దగ్గరే కూర్చుని ఉండేది. ఆయాసం ఆపకపోతే మనిషి ఆగడు, ఒళ్ళే పడేస్తుంది" అంది చారుశీల. నావైపు చూడకుండా అంది.

ఆసుపత్రి మంచం మీద హైమ కనుబొమ దగ్గర నాలుగు కుట్లు. నుదుటి నిండా పసుపు.

"మీకెంత వచ్చింది?" అంది.

"తొమ్మిది."

"ఎంతని చెప్పారు?"

"నాలుగు."

ఆవిడ నుదుటి మీద పసుపు వేలితో తుడుచుకుంది. "నాకేటీ తెలీలేదండి. ఎగురుతున్నట్టే ఉంది. ఇరవయ్యేళ్ళలో ఎప్పుడూ అలా లేదు" అని, "తొమ్మిదంటే ఎలా ఉంటాది?" అని అడిగింది.

చెప్పాను. బియ్యం బస్తా, చెవుల్లో హోరు, అన్నీ. నా ఆయాసం గురించి ఒకరికి నిజం చెప్పడం అదే మొదలు. అదీ నాది కాదు.

మార్జిన్లో రెండు. మూడు. సంచి బరువుగా ఉందేమో.

బిళ్ళలు ఆ రోజే తీసేశారు. కథ అక్కడితో అయిపోవాల్సింది. పదిహేను రోజుల తరవాత ఆఫీసులో కుర్చీలో కూర్చుని ఉండగా పదకొండూ పదికి నాకు రొప్పు మొదలైంది. ఇంటికి ఫోన్ చేశాను.

"ఏం చేస్తున్నావ్?"

"ఖాళీగానే ఉన్నాను."

"హైమా."

"కరెంటు పోయిందని మంచినీళ్ళ క్యాను మెట్లమీద పైకి తెచ్చీసానండి. మీకెలా తెలిసిపోయింది?"

చారుశీల ఇద్దర్నీ మళ్ళీ పరీక్ష చేసింది. హైమ ఊదితే రెండు పాయింటు ఆరే. నేను ఊదితే ఐదు పాయింటు ఒకటే. ట్రెడ్‌మిల్ మీద హైమ పద్నాలుగు నిమిషాలు దాటినా దిగనంది. పంతొమ్మిదో నిమిషంలో చారుశీలే మిషను ఆపేసింది. పక్కన కుర్చీలో నేను మోకాళ్ళ మీదికి వంగి ఉన్నాను. ట్యాంకు మారలేదు, మోటారు మారలేదు. గంట మాత్రం ఇల్లు మారింది.

"నరాలు దారి నేర్చేసుకున్నాయి. బిళ్ళలు లేకపోయినా అదే దారిన పోతోంది" అంది. "ఇలా అవుతుందని అనుకోలేదు బావగారూ."

"మళ్ళీ ఎప్పుడు వెనక్కొస్తుంది?"

"తెలీదు." డాక్టర్లు ఆ మాట అంత స్పష్టంగా అనడం నేనెప్పుడూ వినలేదు. ఆ సాయంత్రమే బిళ్ళల పెట్టెకి తాళం వేసి తాళంచెవి వాళ్ళ డైరెక్టరుకి ఇచ్చేసింది. ప్రతి ఆదివారం వస్తుంది. అక్క పెట్టినది కెలుకుతుంది, తినదు.

అప్పటి నుంచి మా కాపురం అంకెల మీద నడుస్తోంది. హైమ ఇల్లు తుడుస్తుంటే నేను హాల్లోంచి "మూడు!" అని అరుస్తాను. బట్టల బకెట్టు డాబా మీదికి మోస్తుంటే "ఐదు! కూర్చో!" అంటాను. ఆవిడ కూర్చుంటుంది. నాలుగే వచ్చినప్పుడు నేను ఆరన్నా కూర్చోదు, కనిపెట్టేస్తుంది. ఓ రోజు ఆవిడ సంతలో ఉంటే ఫోన్ చేసి "నాలుగు, సంచి కింద పెట్టు" అన్నాను. "ఇరవయ్యేళ్ళు నా ఆయాసం నేనే మోశాను, ఒక్కరూ లెక్కెట్టలేదు" అంది. నవ్వుతూనే అంది. ఆ రాత్రి అన్నం సహించలేదు నాకు.

మా ఫ్లోరులో ఆడవాళ్ళు ముగ్గురు ఆ బిళ్ళలు మాకూ కావాలని చారుశీలని అడిగారు. ఇవ్వడానికి ముగ్గురూ సిద్ధం. పుచ్చుకోవడానికి ఏ మొగుడూ సిద్ధంగా లేడు. అందరికీ ఊపిరితిత్తులు మాత్రం చాలా పెద్దవి.

షరతు ఒక్కటే. హైమ బయటికి వెళ్ళినప్పుడు నేను కదలకూడదు. నాకూ ఆయాసం వస్తే ఎవరిది ఎవరిదో తేల్చలేను. రెండూ ఒకే గొంతుతో మోగుతాయి. అందుకే నోటుబుక్కు. రాస్తూ ఉంటే కదలకుండా ఉంటానని చారుశీల ఉపాయం.

మార్జిన్లో ఐదు. అరగంటగా ఐదు కంటే తగ్గలేదు. వంకాయలు కొనడానికి ఐదెందుకు?

నెమ్మదిగా లేచి దేవుడి అలమర చూశాను. పసుపు డబ్బా లేదు. కుంకుమ పొట్లం లేదు. మెట్లింకా మూడువందల నలభై మిగిలాయని ఆవిడ రెండుసార్లు అంది. నేను రెండుసార్లూ పేపరు చదువుతున్నాను.

ఆరు.

పేజీ నిండింది. తిప్పాను. అవతలి పేజీలో హైమ చేతిరాత.

"ఏవండీ, కూరగాయలకి కాదు, మిగిలిన మెట్లకి వెళ్తున్నాను. ముందే చెప్తే వెళ్ళనివ్వరు. మీరు కుర్చీలోంచి లేవకండి. ఏడు రాగానే ఫోన్ చెయ్యండి, ఉన్నచోటే కూర్చుండిపోతాను. ఫోన్ రాలేదంటే ఏడు రాలేదనుకుంటాను. ఈసారి నిజమే చెప్తారని నా నమ్మకం. పప్పు కుక్కర్లో పెట్టీసాను."

ఏడు.

ఫోన్ చేశాను. వంటింట్లో మోగింది. కుక్కరు పక్కన, ఛార్జింగులో. ఎనభై శాతం ఉన్నా ఛార్జింగులో పెట్టే అలవాటు ఆవిడకి నేర్పింది నేనే.

తీరా ఏడు వచ్చినప్పుడు నిజం చెప్దామని ఫోన్ చేస్తే అది మా వంటింట్లో మోగుతోంది. అక్కడ మెట్లమీద ఆవిడ, ఫోన్ సంచిలోనే ఉందన్న ధీమాతో, అది మోగలేదు గనక అంతా బాగుందనుకుని ఎక్కేస్తోంది. నేను నోరు విప్పకుండానే మళ్ళీ అబద్ధం చెప్తున్నాను.

చారుశీలకి చేశాను. లాబ్ నుంచి బయల్దేరింది, నలభై నిమిషాలట. "కొండ దగ్గర తెలిసినవాళ్ళెవరైనా దొరుకుతారేమో చూస్తాను. మీరు కదలొద్దు బావగారూ, అంకె చూస్తూ ఉండండి" అంది. అప్పలనరసయ్య గారికి చేశాను. లిఫ్టు మెకానిక్కుని వెతుక్కుంటూ గాజువాక వెళ్ళారట. "నానొచ్చీవరకూ కాసింత ఓపిక పట్టండి" అన్నారు. ఆయన చింతిస్తూనే ఉన్నారు.

ఇక్కణ్ణించి తొలి పావంచా ఆటోలో పది నిమిషాలు. ముందు ఐదంతస్తులు దిగాలి, తరవాత ఆరువందల పైచిలుకు మెట్లెక్కాలి. నా మోటారు సంగతి మీకు చెప్పాను. యాభయ్యో మెట్టు దగ్గరికే నా గంట మోగడం మొదలవుతుంది. ఆ హోరులో హైమది వినపడదు. సున్నా అయిపోయినా నాకు తెలీదు. రొప్పుతున్నాను కదా, ఇంకా ఎక్కుతోందనే అనుకుంటాను.

కూర్చుంటే ఆవిడ సంగతి అంతా తెలుస్తుంది. చెయ్యడానికి ఏమీ ఉండదు. కిందటిసారీ ఆ సోఫాలో కూర్చునే ఉన్నాను.

ఏడున్నర.

అయ్యా, అమ్మా, ఇది చదువుతున్నవాళ్ళు ఎవరైనా సరే. లిఫ్టు సంగతి వదిలెయ్యండి, మెట్లెక్కుతాను, జన్మంతా ఎక్కుతాను, మూడో అంతస్తులో ఆగి అందరి ముందూ రొప్పుతాను. నన్ను లేవమంటారా, కూర్చోమంటారా? మీ ఇంట్లో అయితే ఏం చేస్తారు? మీరెవరైనా ఆ మెట్లమీద ఉంటే, ఆకుపచ్చ చీరలో, కనుబొమ మీద కుట్ల మచ్చతో, పసుపు గిన్నె పట్టుకుని అందర్నీ దాటుకుంటూ ఒకావిడ పైకి పోతూ ఉంటుంది. మొహంలో అలుపే ఉండదు. దయచేసి భుజం పట్టుకుని ఆపండి. "నీకు ఆయాసంగా ఉందమ్మా, కూర్చో" అని చెప్పండి. ఆవిడకి తెలీదు.

ఎనిమిది. చెప్పులు వేసుకున్నాను. తలుపు దగ్గర నిలబడి రాస్తున్నాను. చెప్పండి, వెళ్ళనా?